కైంచి దగ్గర ఇసుక

పోయిన వానాకాలంలో సైనిక్‌పురి నుంచి ఒక రిటైరైన రైల్వే అధికారి మా ఇంటికి వచ్చాడు. మడత నలగని చొక్కా, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చుకున్న పుస్తకం ప్రూఫులు. తన ఉద్యోగ జీవితం గురించి రాసుకున్నాడట, ముందుమాట నన్ను రాయమన్నాడు. "మీరు నాచారం వైపు పెరిగారని విన్నానమ్మా. ఒక అధ్యాయం మీ ఏరియా గురించే ఉంది. అప్పట్లో అక్కడ గూడ్సు డబ్బాలొచ్చి ప్యాసింజర్‌ను గుద్దిన ప్రమాదం గుర్తుందా, ఆ ఎంక్వయిరీలో నేనూ ఉన్నాను" అన్నాడు. చక్కెర లేని టీ తాగుతూ, ఆ పేజీలు తనే తీసి నా ముందు పెట్టాడు. ఆ జంక్షన్‌ను తామంతా కలిసి ఎంత సురక్షితంగా తీర్చిదిద్దారో చాలా వివరంగా రాశాడు. ప్రమాదానికి కారణం ఒక కిందిస్థాయి ఉద్యోగి నిర్లక్ష్యమని రాశాడు. చివర ఇంకో మాట ఉంది. గాయపడిన ఒక అమాయక స్త్రీ, ఇరుగుపొరుగు ఒత్తిడితో, తాను చూడనివి కూడా చూశానని సాక్ష్యం చెప్పిందట. అలాంటివాళ్ళ మీద అధికారులు కోప్పడకూడదట, జాలిపడాలట. ఆయన అంత పెద్దమనసుతో జాలిపడింది మా మేనత్త రాహేలమ్మ మీద.

"నేను రాయనండి" అన్నాను. ఎందుకని అడిగాడు. "ఆ రోజు ఎంక్వయిరీ హాల్లో ఆవిడ పక్కన కూర్చున్నది నేను" అన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, "చాలా కాలమైంది కదమ్మా, మనుషులు గుర్తుండరు" అని కవరు సర్దుకున్నాడు. ఎవరొచ్చినా గేటు దాకా సాగనంపడం మా ఇంటి అలవాటు కాబట్టి సాగనంపాను. గేటు దగ్గర ఆగి, ముందుమాటలు రాసేవాళ్ళు ఇంకెవరైనా తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. ఆ సాయంత్రమంతా నాకు ఆ పాత బస్తీ, అత్తమ్మ జడ, పక్కింటి యాదగిరి, అన్నీ ఒకటొకటిగా గుర్తొస్తూనే ఉన్నాయి.

మా రేకుల ఇల్లు నాచారం ఫ్యాక్టరీల వెనక, రైలు పట్టాలకు ఆనుకున్న బస్తీలో ఉండేది. జిల్లాల నుంచి పనికోసం వచ్చినవాళ్ళే అందరూ. నాన్న లేత్ మెషీన్ల వర్క్‌షాపులో పనిచేసేవాడు, అమ్మ మసాలాల ఫ్యాక్టరీలో. పొద్దున వాడలోకి మిరప ఘాటు దిగేది, సాయంత్రమయ్యేసరికి మందుల కంపెనీ నుంచి పులిసినట్టుండే వాసన వచ్చేది. మధ్యలో గూడ్సు బండి బ్రేకు వేసినప్పుడల్లా కాలిన ఇనుము వాసన. ఈ మూడూ కలిసిన గాలిని పీల్చి పెరిగినందుకో ఏమో, ఇప్పుడు అగరొత్తుల ఇళ్ళలో నాకు ఊపిరాడదు. తెల్లవారుజామున అత్తమ్మ ప్రార్థన మొదలుపెట్టేది. సరిగ్గా మధ్యలో బండి వచ్చేది. గూట్లో గిన్నెలు గలగలలాడేవి. అత్తమ్మ కళ్ళు తెరవకుండా, బండి మొత్తం పోయేదాకా ఆగి, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేది. దేవుడికి కూడా ఈ బండ్ల టైము తెలుసులే అనేది.

అత్తమ్మ నాన్నకు అక్క. పిల్లలు లేరు, భర్త పోయాక మా దగ్గరికి వచ్చింది. ఒక బడిలో ఆయాగా చేసేది. ఆమెకు ఉన్న ఒకే ఒక గర్వం జుట్టు. నడుము దిగేది. ఆదివారం పొద్దున కొబ్బరినూనె వెచ్చచేసి, మందారాకు నూరి పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని ఆరబెట్టుకునేది. చర్చికి ఆలస్యమవుతుందని అమ్మ ఎంత తొందరపెట్టినా, పాయలు సమంగా వచ్చేదాకా జడ విప్పి అల్లేది. మా గోడకు అవతలి గోడ యాదగిరిది. రైల్వేలో పాయింట్స్‌మన్, అంటే పట్టాలు మార్చడం, డబ్బాలు నిలబెట్టడం, నిలబెట్టినవి కదలకుండా చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టడం ఆయన పని. భార్య లక్ష్మి మిషన్ కుట్టేది. వాళ్ళు నాటిన బీరతీగ గోడెక్కి మా వైపే ఎక్కువ కాసేది. కాయలు ఎవరి వైపు కాస్తే వాళ్ళవని ఒప్పందం. యాదగిరి మాట తక్కువ మనిషి. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం తనే ఉతుక్కుని, తీగకు నీళ్ళు పోసి పడుకునేవాడు.

మా బస్తీ చివర ఉన్న చోటును అందరూ కైంచి, అంటే కత్తెర, అనేవాళ్ళు. ఫ్యాక్టరీల నుంచి సరుకు డబ్బాల కోసం వేసిన పట్టా ఒకటి దిగి వచ్చి, అక్కడ పెద్ద లైన్‌ను కత్తెరలా కోసుకుంటూ కలిసేది. దిగి వచ్చి అనడం ఊరికే కాదు. ఆ పట్టా వాలు మీద ఉండేది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరి బిందె అయినా ఒలికితే నీళ్ళు కైంచి దాకా పారేవి. డబ్బాలు ఎప్పుడైనా జారితే వాటిని పక్కకు తిప్పి ఆపే ఏర్పాటు అక్కడ లేదు. జారిందేదైనా నేరుగా వచ్చి ప్యాసింజర్ బండ్లు నిలబడే లైన్ మీదే పడాలి. అదంతా తాత్కాలికమని, కొత్త లైన్ వచ్చాక మారుస్తామని, నేను పుట్టకముందు ఎవరో అన్నారట. మన ఆఫీసుల్లో తాత్కాలికం అన్నదానికి ఉన్నంత ఆయుష్షు మనుషులకు లేదు. ఇది అర్థం కావడానికి ఎవరూ ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. బస్తీలో ప్రతివాళ్ళకూ తెలుసు. తెలిసి ఏం చేశారంటే, అక్కడ మిర్చిబజ్జీల బండి పెట్టుకున్నారు. ప్యాసింజర్ ఎప్పుడూ సిగ్నల్ కోసం అక్కడే ఆగుతుంది కాబట్టి గిరాకీ బాగుంటుందని.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో జరిగింది ఆ ప్రమాదం. అత్తమ్మ ఘట్‌కేసర్ దాటి ఒక ఊళ్ళో చుట్టాల ఇంట్లో ప్రార్థన కూటానికి వెళ్ళి, పొద్దున ప్యాసింజర్‌లో తిరిగి వస్తోంది. బండి మామూలుగానే కైంచి దగ్గర ఆగింది. నేను వీధి కుళాయి దగ్గర ఉన్నాను. ముందు మనుషుల అరుపులు వినిపించాయి, తర్వాత చప్పుడు. పెద్ద చప్పుడేమీ కాదు. ఇనుప బీరువాను మెట్ల మీద నుంచి తోసినట్టు, ఒకదాని వెంట ఒకటిగా. మేం ఉరికేసరికి రెండు పెట్టెలు పక్కకు ఒరిగి ఉన్నాయి. సిమెంటు మూటల డబ్బాలు వాటి పొట్టలోకి దూసుకుపోయి ఉన్నాయి. పైనంతా సిమెంటు దుమ్ము. లోపలి నుంచి వచ్చేవాళ్ళందరూ బూడిద రంగులో ఒకే మనిషిలా కనిపించారు. అత్తమ్మ ఆ బండిలో ఉందని నాకు తెలుసు, కానీ ఏ పెట్టెలోనో తెలియదు. పేరు పెట్టి పిలుస్తూ ఒక్కొక్క కిటికీ చూసుకుంటూ పోయాను.

రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్న యాదగిరి బనీను మీదనే ఉరికొచ్చాడు. అత్తమ్మను ముందు చూసింది ఆయనే. కుడిచెయ్యి కిటికీ ఊచల మధ్య, నలిగిన రేకు కింద ఇరుక్కుని ఉంది. ఆమె అరవడం లేదు. "యాదగిరీ, ముందుగాల ఆ పసిపోరిని తియ్యి" అంటోంది, పక్కన ఎవరి బిడ్డనో చూపిస్తూ. యాదగిరి ఆ బిడ్డను నా చేతికి అందించాడు. నాన్నా ఆయనా కలిసి గునపంతో రేకు లేపారు. లక్ష్మి తన చీర చెంగు చింపి చేతికి కట్టింది. అత్తమ్మను లారీలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోతుంటే యాదగిరి దారి పొడుగునా ఆమె తల తన ఒడిలో పెట్టుకుని, "ఏం గాదక్కా, ఏం గాదు" అంటూనే ఉన్నాడు. చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఆ పెట్టెల్లో మా బస్తీవాళ్ళు కొందరు పోయారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఆ పేర్లను తర్వాత ఎంతమంది ఎన్ని వేదికల మీద నమిలారో చూశాను, నేను కూడా నమలదలచుకోలేదు.

సాయంత్రానికల్లా తెల్లచొక్కాలు దిగాయి. అందరికన్నా ముందు దిగింది మా మేనమామ ప్రభాకర్. ఉప్పల్‌లో ఉండేవాడు, అమ్మకు తమ్ముడు. ఏ పార్టీ గెలిచినా ఆ పార్టీలో తను చిన్నప్పటి నుంచీ ఉన్నట్టు మాట్లాడగలిగే మనిషి. వచ్చినవాడు అక్కను పలకరించకముందే కెమెరాలను పలకరించాడు. రెండో రోజుకు బాధితుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఎవరు ఎన్నుకున్నారో బాధితులకు తెలియదు. ఆ రెండు రోజుల్లోనే తప్పెవరిదో కూడా తేలిపోయింది. దిమ్మెలు పెట్టకుండా పోయిన పాయింట్స్‌మన్‌ది. పేపర్లు రాశాయి, టీవీలు చెప్పాయి. అంతకుముందే, ప్రమాదం జరిగిన రాత్రే, అత్తమ్మను మోసిన నెత్తురు మరకల బనీనుతోనే యాదగిరిని ఇంటి ముందు నుంచి పోలీసులు తీసుకుపోయారు. వీధంతా నిలబడి చూసింది. ఆయన పెంచిన బీరకాయలు తిన్న వీధి.

మామ దవాఖానాకు బత్తాయిపళ్ళతో వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "వదినా, ఎంక్వయిరీ పెడుతున్నరు. నువ్వొక్క మాట చెప్తే చాలు. యాదగిరి దిమ్మెలు పెట్టలేదని. పక్కింటిదానివి, నీ మాటకు బరువుంటది. ఫ్యాక్టరీ సేటుతోని నేను మాట్లాడిన, నీకు కూసుండి చేసే నౌకరీ ఇప్పిస్తడు."

"ఆయన పెట్టలేదని నేనెట్ల చెప్పాలె? నేను బండిల ఉన్న" అంది అత్తమ్మ.

"అందరూ అంటున్నరు గద."

"అందరూ అంటుంటె ఇంక నా మాట ఎందుకు మరి?"

మామ నా వైపు చూసి నవ్వాడు, ముసలిదానికి మందుల మత్తు దిగలేదన్నట్టు. నిజానికి అత్తమ్మ ఏం చూసిందో నాకు అప్పటికే చెప్పింది. కిటికీలో నుంచి చూస్తుంటే పైనుంచి డబ్బాలు కదిలి వస్తున్నాయట. వాటి వెనక ఫ్యాక్టరీ హమాలీలు ఉరుకుతున్నారట, చేతుల్లో చెక్క దిమ్మెలతో. పెట్టనే లేని దిమ్మెలు వాళ్ళ చేతుల్లోకి ఎలా వచ్చాయి? యాదగిరి పెట్టి పోయాడు. పొద్దున సరుకు ఎత్తడానికి డబ్బాలను ముందుకు జరుపుకుందామని వాళ్ళు దిమ్మెలు తీశారు. వాలు మీద డబ్బా ఆగలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి కూడా నాకు నోరు రాదు. తొందరపెట్టింది సూపర్‌వైజర్. ఆ సూపర్‌వైజర్‌ను తొందరపెట్టింది మామ చెప్పిన సేటు. ఇక జారిన డబ్బాను ఆపే ఏర్పాటు లేకపోవడం ఎవరి తప్పో అడిగినవాళ్ళే లేరు.

అడగబోయినవాడు ఒకడు ఉన్నాడు. పట్టాలు కొలవడానికి ఒక కుర్ర ఇంజనీర్ వచ్చి మా ఇంట్లో మంచినీళ్ళు అడిగాడు. చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి నాతో అన్నాడు, "ఇక్కడ పక్కకు చిన్న పట్టా వేసి, చివర ఇసుక పోస్తే చాలండీ. జారిన డబ్బా అందులో దిగబడి ఆగిపోయేది. ఇలాంటి చోట అది ఉండాల్సిందే. నేను రాస్తాను." అతను వెళ్ళాక నేను రోజంతా సంతోషంగా ఉన్నాను. చదువుకున్నవాడికి తెలిస్తే చాలు, ఇక పని జరిగినట్టేనని అనుకునే వయసు నాది.

సమాచారం తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని పేపర్లో వేశారు. కట్టు ఇంకా తడి ఆరకుండానే అత్తమ్మ బయల్దేరుతానంది. నాన్న తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "మనకెందుకక్కా. నా వర్క్‌షాపుకు పనంత ఆ సేటు దగ్గరికెల్లే వస్తది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆ రెంటి మధ్య తేడా ఉందని అప్పట్లో నేను ఒప్పుకునేదాన్ని కాదు. అత్తమ్మ చెప్పులు తొడుక్కుంటూ, "నువ్వు రాకు. కరుణ వస్తది నాతోని" అంది. ఆటోలో ఇద్దరం వెళ్ళాం.

పెద్ద హాలు. గోడకు కైంచి మ్యాపు తగిలించారు. కాగితం మీద పట్టాలన్నీ చదునుగా, ఎంతో ముచ్చటగా ఉన్నాయి. వాలు అనేది కాగితం మీదికి రాదు కదా. అధికారులు పొడుగాటి బల్ల వెనక వరసగా కూర్చున్నారు. జీడిపప్పు, బిస్కెట్లు, సీసాల్లో నీళ్ళు. మా బస్తీ ఆడవాళ్ళు కొందరు వెనక నిలబడి ఉన్నారు, వాళ్ళకు కుర్చీలు చాలలేదు. మా ఇంట్లో నీళ్ళు తాగిన కుర్ర ఇంజనీర్ వెనక వరసలో ఉన్నాడు. నేను చూసి తల ఊపాను. అతను తన బూట్లు చూసుకున్నాడు. ఆ రోజు అంతసేపూ అతను ఆ బూట్ల మీద నుంచి చూపు తీయలేదు. నా జీవితంలో నేను చాలామంది పిరికివాళ్ళను చూశాను గాని, అంత శుభ్రంగా పాలిష్ చేసుకున్న పిరికితనం మళ్ళీ చూడలేదు.

అత్తమ్మ వంతు వచ్చింది. చదువుకున్నావా అని అడిగారు. లేదంది. ఏం చూశావని అడిగారు. "కిటికి దగ్గర కూసున్న సారూ. మీదికెల్లి డబ్బాలు దిగొస్తున్నయ్. ఎన్కనుంచి మనుషులు ఉరుకుతున్నరు. చేతులల్ల దిమ్మెలున్నయ్. చక్రాల కిందికి ఇసిరేసిన్రు, అవి ఆగలే."

మధ్యలో కూర్చున్నాయన మెత్తగా నవ్వాడు. "భయంలో మనిషికి చాలా కనిపిస్తాయమ్మా. నిజానికి నువ్వు కళ్ళు మూసుకుని ఉంటావు."

"కండ్లు మూసుకుంటె చెయ్యి గుంజుకుందును సారూ" అంది అత్తమ్మ. "గట్లనే చూసుకుంట కూసున్న. కిటికి మీద చెయ్యి ఉన్న సంగతి మర్చిపోయిన."

హాల్లో ఎవరో దగ్గారు. నవ్వినాయన కాగితాలు తిరగేసి, "ఆ పాయింట్స్‌మన్ యాదగిరి నీకేమవుతాడు?" అన్నాడు. "పక్కింటాయన. నన్ను బండిలకెల్లి తీసింది ఆయననే" అంది అత్తమ్మ, అది యాదగిరికి మేలు చేస్తుందనుకుని. బల్ల వెనక ముఖాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వాళ్ళకు కావలసింది దొరికింది. ఆమె చెప్పింది కృతజ్ఞతతో చెప్పిన మాట అయిపోయింది, చూసిన మాట కాకుండా పోయింది. మంచిదమ్మా, వెళ్ళొచ్చు అన్నారు. చివర్న కూర్చున్న ఒకాయనకు మర్యాద గుర్తొచ్చి బిస్కెట్ల పళ్ళెం ముందుకు చాపాడు. చాపింది కుడివైపు. ఖాళీ జాకెట్టు చెయ్యి వైపు. అత్తమ్మ ఆ పళ్ళేన్ని చూసింది, ఆయన్ను చూసింది, లేచి వచ్చేసింది. ముందుమాట కోసం మా ఇంటికొచ్చిన మనిషి ఆ పళ్ళెం చాపినాయనేనా, పక్కాయనా అన్నది నాకు గుర్తులేదు. ఆయనన్నది నిజమే, మనుషులు గుర్తుండరు.

యాదగిరి ఉద్యోగం పోయింది. కేసు చాలా ఏళ్ళు నడిచి, శిక్షా పడకుండా, నిర్దోషి అని కూడా అనిపించుకోకుండా ఎక్కడో ఇంకిపోయింది. ఇక జంక్షన్‌ను సురక్షితంగా తీర్చిదిద్దిన సంగతి. పట్టాల వెంట గోడ కట్టారు, దాంతో ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్ళు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. గోడ మీద భద్రత గురించి నినాదాలు రాయించారు, అందులో ఒక అక్షరం తప్పు. పోయినవాళ్ళ జ్ఞాపకార్థం మామ ఒక కమాను కట్టించాడు, దాని మీద అందరికన్నా పెద్ద అక్షరాల్లో తన పేరు. ఏటా ఒక వారం భద్రతా వారోత్సవాలు జరిపి, సిబ్బంది చేత చెయ్యి చాపించి ప్రమాణం చేయించేవాళ్ళు. వాలు వాలుగానే ఉంది. పక్కకు తిప్పే పట్టా ఎందుకు వేయలేదంటే, ఆ నేల ఫ్యాక్టరీలదని ఒకరూ రైల్వేదని ఒకరూ అనేవాళ్ళు. భూమి నాదని కొట్టుకునేవాళ్ళను చూశాను గాని, నాది కాదంటే నాది కాదని అంత పట్టుదలగా వాదించుకున్నవాళ్ళను అక్కడే చూశాను.

ఆ రోజుల్లో మా రెండిళ్ళ మధ్య మాట ఆగిపోయింది. బెయిలు మీద వచ్చిన యాదగిరి గడప దాటేవాడు కాదు. లక్ష్మి నీళ్ళకు కూడా మనుషులు లేని సమయం చూసుకుని పోయేది. అత్తమ్మ కనిపిస్తే తల దించుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఇటు అత్తమ్మ జుట్టు దవాఖానాలో చిక్కులు పడి ఉండకట్టుకుపోయింది. అమ్మ తెల్లవారకముందే షిఫ్టుకు పోయేది. నేను దువ్వబోతే లాగి ఏడిపించేదాన్ని. కత్తిరించేద్దాం అత్తమ్మా అన్నాను ఒకరోజు. ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఎండిపోతున్న బీరతీగను ఎడమచేత్తో పక్కకు జరిపి, అవతలికి పిలిచింది. "లక్ష్మీ, దువ్వెన పట్టుకొని రా."

అవతల మిషన్ చప్పుడు ఆగింది. చాలాసేపటికి లక్ష్మి వచ్చింది. గుమ్మంలో అత్తమ్మ వెనక కూర్చుని, నూనె రాసి, కొసల నుంచి ఒక్కొక్క చిక్కూ తీస్తూ, "అక్కా, ఆయన పెట్టిండక్కా. దిమ్మెలు పెట్టే వచ్చిండు" అంది. అప్పటిదాకా ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదట, అడిగినవాళ్ళు లేరు కాబట్టి. "నాకెరికె. నేను జూసిన. పాయలు సమానంగ తియ్యి" అంది అత్తమ్మ. లక్ష్మి ఏడుస్తూనే అల్లింది. ఆ రోజు నుంచి వాళ్ళు అన్నోజిగూడకు ఇల్లు మారేదాకా, రోజూ పొద్దున ఆ జడ లక్ష్మే వేసింది. ఇది చూసి మామ, "చెయ్యి తీసినోని పెండ్లంతోని జడ ఏపిచ్చుకుంటున్నవా వదినా" అన్నాడు. "నా చెయ్యి తీసినోళ్ళతోని నువ్వు చాయ్ తాగుతున్నవ్ గద ప్రభాకర్. నేనేమన్న అన్ననా?" అంది అత్తమ్మ. ఆయన తర్వాత చాలాకాలం మా ఇంటికి రాలేదు. ఆ కాలాన్ని మా ఇంట్లో అందరం సుఖంగా గడిపాం.

తెలంగాణ కోసం రైలు పట్టాల మీద కూర్చున్న రోజులు వచ్చాయి. బస్తీ మొత్తం కదిలింది, అన్నం అక్కడే వండారు, నేనూ వెళ్ళి కూర్చున్నాను. మామ కూడా వచ్చాడు, తన కమాను ఫొటోలో పడేలా చూసుకుని కూర్చున్నాడు. అప్పటికి యాదగిరి పోచారంలో ఐటీ ఆఫీసుల గేటు దగ్గర కాపలా పనిచేస్తున్నాడు. రాష్ట్రం రావడానికి కొంచెం ముందు ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాక్టరీ పట్టా మీద నుంచి మళ్ళీ రెండు డబ్బాలు జారాయి. అదృష్టం, కైంచి దగ్గర బండి ఏదీ లేదు. అవి పెద్ద లైన్ మీదికి వచ్చి, కాస్త దూరం దొర్లి, అడ్డంగా నిలిచిపోయాయి. కాకపోతే ఆ రోజు ఒక పెద్దాయన చల్లటి ప్రత్యేకమైన బోగీలో తనిఖీకి వస్తున్నాడు. ఆ డబ్బాల వల్ల ఆయన బండి వెనక ఆగిపోయింది. భోజనం వేళ దాటిపోయింది. ఎదురుచూస్తున్న దండలు వాడిపోయాయి. నెల తిరక్కుండా ఎవరిదీ కాని ఆ నేల ఎవరిదో తేలింది, పక్కకు తిప్పే పట్టా పడింది, చివర లారీలతో ఇసుక పోశారు. అంతమంది చావులకు కదలని ఇసుక ఒక మనిషి ఆకలికి కదిలింది. మామ ఫ్లెక్సీ కట్టించాడు, తన పోరాట ఫలితమని.

ఆ ఇసుక చూడాలని అత్తమ్మే యాదగిరికి కబురు పెట్టింది. అన్నోజిగూడ నుంచి ఆయనా లక్ష్మీ బస్సులో వచ్చారు. నలుగురం గోడ చివర సందులో నుంచి వెళ్ళాం. యాదగిరి జుట్టు మొత్తం తెల్లబడింది. అన్నేళ్ళలో ఆయన ఆ పట్టాల వైపు తిరిగి చూడడం నేనెరిగినంతలో అదే మొదలు. పెద్ద గొప్పదేమీ కాదు, నడుమెత్తు ఇసుకదిబ్బ, దాని లోపలికి దూరిపోయిన పట్టా.

"గింతేనా" అంది లక్ష్మి.

"గింతే" అన్నాడు యాదగిరి. చెప్పులు విడిచి, దిబ్బ మీదికి ఎక్కి, కాలితో ఇసుకను కుళ్ళగించి చూశాడు. పాదం మునిగింది. "మంచిదే. కాకుంటె వానకు తడిస్తె గట్టిపడ్తది. ఏటేట తిరగెయ్యాలె."

"ఎవలు తిరగేస్తరు?" అంది అత్తమ్మ.

యాదగిరి కిందికి దిగి, పాదాలకంటిన ఇసుక దులుపుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. అత్తమ్మ ఎడమచెయ్యి పట్టుకుని కంకర మీద నుంచి జాగ్రత్తగా దాటించాడు.

అత్తమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఉప్పల్ మీదుగా మెట్రో పోతోంది. స్టేషన్లకు అద్దాలు బిగించారు, కదిలే మెట్లు పెట్టారు, ఎక్కడ నిలబడాలో మెత్తటి గొంతుతో ఒక అమ్మాయి చెబుతుంది. భద్రత గురించి మాకు తెలియనట్టు. ఆ మధ్య అటు పని ఉండి వెళ్ళి, కైంచి దాకా నడిచాను. బస్తీ లేదు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఇసుకదిబ్బ మాత్రం ఉంది. గడ్డి మొలిచింది, పైన ఒక తుమ్మమొక్క నా భుజం దాకా ఎదిగింది. వాలు మీద డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి, సిమెంటువే. దిబ్బ దగ్గరికి వెళ్ళి గొడుగు మొనతో పొడిచి చూశాను. దిగలేదు. రెండు చేతులతో పట్టుకుని, నా బరువంతా వేసి నొక్కాను. గొడుగు వంగింది.